పసుపు నీళ్ళ వాన

ఇప్పటికీ పొద్దున లేవగానే మొదట ఆకాశం వైపు చూస్తాను. పైన నీకేం పని అని ఇంట్లోవాళ్ళు ఆటపట్టిస్తారు. ఒకప్పుడు పనుండేది. యలహంక దాటి దేవనహళ్ళి దోవలో ఉన్న మా ఊరి మీద ఎంత వాన పడిందో లోకానికి చెప్పే బాధ్యత నాదే. లోకమంటే బెంగుళూరులోని వాన ఆఫీసు. అప్పట్లో నాకు రెండూ ఒకటే.

అరవైల నడిమి సంగతి. మాది ఏడో తరగతితో ఆగిపోయే బడి. బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు. ఆపైన చదవాలంటే బస్సెక్కి యలహంకకు పోవాలి. మగపిల్లలు పోయేవాళ్ళు. ఆడపిల్లను బస్సెక్కించేది లేదని మా నాయన ఒకే మాట మీద ఉన్నాడు. ఊళ్ళోకే ఎనిమిదో తరగతి వస్తే మాత్రం చదువుకో అన్నాడు. రాదని ఆయన ధీమా. తెప్పిస్తానని మా హెడ్‌మేష్ట్రు పంతం. ఒక గదీ, కాస్త సైన్సు సామానూ చూపిస్తే తరగతి ఇస్తామని విద్యాశాఖ వాళ్ళు ఆయనకు చెప్పారు. గదికి ఊరివాళ్ళే బండ్లు కట్టి రాళ్ళు తోలారు. సామాను కోసం ఆయన సైకిలేసుకుని బెంగుళూరంతా తిరిగాడు. ఆయన ఎక్కని గడప లేదు. చివరికి వాన ఆఫీసు వాళ్ళు ఒప్పుకున్నారు. మా వైపు వాన కొలిచే చోటు ఒకటి వాళ్ళకు కావాలట. వచ్చే ఏడు బడి తెరిచేదాకా పిల్లలు సరిగ్గా కొలిచి పంపితే, తమ దగ్గరున్న పాత థర్మామీటర్లు, గాజు సామాను బడికి ఇచ్చేస్తామన్నారు.

అట్లా వచ్చింది మా బడి వెనక బయల్లోకి వానమాపకం. చుట్టూ కంచె, నడుమ సిమెంటు దిమ్మె, దాని మీద రాగి గొట్టం, పైన గరాటు, లోపల సీసా. సీసాలోని నీళ్ళు కొలవడానికి గీతలున్న గాజు గ్లాసు. దాన్ని పెట్టిన వాన ఆఫీసాయన గుంటూరు వైపు క్రైస్తవుడు. ఆదివారం చర్చి అయ్యాక సైకిలు మీద వచ్చి చూసిపోయేవాడు. ఆయన తెలుగు వినడానికే మేం పిల్లలం చుట్టూ మూగేవాళ్ళం.

“అమ్మాయ్, ఉన్నది ఉన్నట్టు రాయాలి. నువ్వనుకున్నది కాదు, నువ్వు కోరుకున్నది అసలే కాదు,” అంటూ గ్లాసు నా చేతికిచ్చాడు. మా ఇల్లు బడి పక్కనే కాబట్టి ఆ పని నాకు దక్కింది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. పొద్దున్నే మంచు ఇంకా నేల మీద పడుకుని ఉండగా నేను కంచె తలుపు తీసుకుని లోపలికి పోయేదాన్ని. ఎక్కడో విమానం గుర్రుమనేది, కనిపించేది కాదు. గరాటు అంచు చేతికి చల్లగా తగిలేది. సీసా ఎత్తి చూస్తే ఖాళీ. సున్నా అని కార్డు మీద రాసి వాన ఆఫీసుకు టపాలో వేసేదాన్ని. బెంగుళూరులో ఎవరో పెద్ద పటం పరిచి, మా ఊరి చుక్క పక్కన నా సున్నా దిద్దుతున్నట్టు ఊహించుకునేదాన్ని. ఆ పటం మీద మేఘాలు నిజంగానే కదులుతుంటాయని, మా చుక్క దాకా వచ్చి కాసేపు నిలబడి, ఏదో మరిచిపోయినట్టు మళ్ళీ పక్కకు పోతున్నాయని అనుకునేదాన్ని. అట్లా ఎంతసేపు కలగనేదాన్నో, అవ్వ వచ్చి భుజం తడితేగాని కాళ్ళు కదిలేవి కావు.

నా చదువు కోసం నాయనతో పోట్లాడింది అవ్వే. “ఆ బిడ్డను చదువుకోనీరా. పొయ్యి యాడికి పోతాది, ఆడనే ఉంటాది,” అనేది కొడుకుతో. నాయన దగ్గర తల వంచని మనిషి మా ఇంట్లో ఆమె ఒక్కతే. ఆమెకు ఒక పట్టింపు ఉండేది. పాత్ర ఖాళీగా ఉండకూడదు. పక్కింటివాళ్ళు గిన్నెలో కూర పంపితే, ఆ గిన్నె తిరిగి పోయేటప్పుడు అందులో చిటికెడు చక్కెరైనా పడాల్సిందే. పండగ పూట ఖాళీ బిందె కనబడితే ఇల్లు పీకి పందిరేసేది.

దసరా సెలవులొచ్చాయి. హెడ్‌మేష్ట్రు తన ఊరికి పోయాడు. ఆయుధపూజ రోజు మా వైపు పూజ తప్పించుకునే ఇనుము ఉండదు. నాగలి, కత్తిపీట, సైకిలు, ఆఖరికి ఊరికొచ్చే బస్సుకు కూడా బొట్టూ దండా పడతాయి. మర్నాడు పొద్దున నేను పోయేసరికి గరాటుకు కుంకుమ బొట్లు, చేమంతి దండ. నాకు నవ్వొచ్చింది. సీసా ఎత్తాను. బరువుగా ఉంది. నవ్వు ఆగిపోయింది. లోపల పసుపు నీళ్ళు. కొలిచి చూస్తే వంకలు పారేంత వాన! ఆ చిన్న గరాటులో చెంబెడు నీళ్ళు పడితే లెక్క అంతకంత అవుతుంది.

ఇంటికి పరిగెత్తాను. “అవ్వా, గొట్టంలో నీళ్ళు పోసినావా?”

“పొయ్యకుండా? పండగ పూట ఒట్టిగా నోరు తెర్చుకోని ఉండాది, సూడలేకపోతిని. అది నిండితేనే కదా నీ క్లాసు వచ్చేది!”

నాకు ఒళ్ళు మండిపోయింది. అవ్వను నోటికొచ్చినట్టు తిట్టి, మళ్ళీ బయల్లోకి పోయి కూర్చుని ఏడ్చాను. పారబోసి సున్నా రాస్తే అడిగేవాళ్ళు లేరు. కానీ సీసాలో నీళ్ళున్నాయి. ఉన్నది ఉన్నట్టు అన్నాడాయన. చివరికి కార్డు మీద కొలత రాసి, కింద ఇంకో ముక్క చేర్చాను: ఇది వాన కాదు, పసుపు నీళ్ళు, పండగని మా అవ్వ పోసింది.

సెలవుల నుంచి తిరిగొచ్చిన హెడ్‌మేష్ట్రు సంగతి విని తల పట్టుకున్నాడు. “పారబోసుంటే పోయేది కదమ్మా! వాళ్ళు గొట్టం పీక్కోని పోతే మన క్లాసు గతి ఏమి?” అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు భయమేసింది. ఎనిమిదో తరగతి పోయినట్టే అనుకున్నాను.

ఆ వారమే జీపొచ్చింది. వాన ఆఫీసాయనతో పాటు ఆయన పై అధికారి కూడా దిగాడు. ఎవరూ పిలవకుండానే అవ్వ కొంగు కప్పుకుని వచ్చి వాళ్ళ ముందు నిలబడింది.

“నేనే పోసినాను సామీ. బిడ్డది ఏం తప్పు లేదు. నన్ను ఎన్ని మాటలన్నా అనండి, ఆ గొట్టం మాత్రం తీసకపోవద్దండప్పా,” అని వంగి దండం పెట్టింది.

అవ్వ వంగడం నేనెప్పుడూ చూడలేదు. ఆమెను తిట్టిన నోరు నాదేనా అనిపించింది. పోయి ఆమె పక్కన నిలబడ్డాను.

అధికారికి తెలుగు రాదు. వాన ఆఫీసాయన ఇంగ్లీషులో చెబుతుంటే నవ్వకుండా విన్నాడు. తర్వాత నా వైపు తిరిగి కన్నడలో, ఈ సున్నాలన్నీ ఇంట్లో కూర్చుని రాశావా, వచ్చి చూసి రాశావా అని అడిగాడు. చూసే రాశానన్నాను. ఆయన ఏదో అన్నాడు. వాన ఆఫీసాయన మొహం విప్పారింది.

“వానలేని ఏడు సున్నా రాయడానికి ఎవరూ ఇంట్లోంచి కదలక్కర్లేదు కదా, అందుకే మీ కార్డుల మీద మా సారుకు అనుమానంగా ఉండేదట. పసుపు నీళ్ళ సంగతి రాసిన పిల్ల రోజూ వచ్చి చూసే ఉంటుంది, ఇక సున్నాలన్నీ నమ్ముతానంటున్నారు,” అని, అవ్వ వైపు తిరిగాడు. “అమ్మమ్మగారూ, మళ్ళీ పండక్కి బొట్లు పెట్టుకోండి. నీళ్ళు మాత్రం ఆ పైవాడికి వదిలెయ్యండి.”

ఎండాకాలం వెళ్ళాక ఆయనే పెట్టెల్లో సామాను తెచ్చాడు. తరగతి వచ్చింది. నాయన మాట మీద నిలబడ్డాడు. నా దగ్గరున్న కొలత గ్లాసు అంచు చిట్లి ఉంటే వాన ఆఫీసాయన కొత్తది ఇచ్చి, పాతది తిరిగివ్వమన్నాడు. ఇవ్వబోతుంటే అవ్వ దాన్ని నా చేతిలోంచి లాక్కుని ఇంట్లోకి పోయింది.

ఎందుకో నాకు తెలుసు. కానీ అప్పటికి ఇంట్లో చక్కెర మాట మరిచి చాలా కాలమైంది. పొయ్యి ఒంటిపూటే వెలిగేది. అవ్వ తిరిగొచ్చేసరికి గ్లాసు నిండా రాగులున్నాయి. విత్తనాలకని బూడిద కలిపి కుండలో దాచినవి. మేం ఆకలితో అడిగినా ముట్టుకోనివ్వనివి.

“ఒట్టిగా ఎట్ల ఇచ్చేదప్పా?” అంది.

ఆయన గ్లాసు అందుకున్నాడు. రాగులు జేబురుమాల్లో పోసి మూట కట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున కొత్త గ్లాసు పట్టుకుని బయల్లోకి పోయాను. సీసా ఖాళీ. సున్నా అని రాసి, ఎనిమిదో తరగతిలోకి పోయి కూర్చున్నాను.