పదమూడో కుదురు

రికార్డింగు గదికి మొదటిసారి వచ్చినవాళ్లలో నూటికి తొంభై మంది తమ పాట తాము విని ఒకటే మాట అంటారు, ఇది నా గొంతు కాదని. ఇరవై రెండేళ్లుగా ఆ మాట వింటున్న కృపాకర్ దానికో జవాబు కంఠతా పట్టేశాడు. మన గొంతు మనకు లోపల్నుంచి ఒకలా వినబడుతుంది, బయటివాళ్లకు ఇంకోలా వినబడుతుంది, నాలుగు రోజులు వింటే అలవాటైపోతుంది. ఆ జవాబు నిజమే. నిజం కావడం వల్లే అది ఆయన్ని బద్ధకస్తుణ్ని చేసింది.

కృపాకర్‌ది సూర్యాపేట. పది తప్పి, పెళ్లిళ్లకు మైకుసెట్టు మోసి, కోదాడలో క్యాసెట్లు కాపీ చేసే కొట్టులో పనిచేసి, చివరికి మిర్యాలగూడలో రైసుమిల్లు సామాన్లు అమ్మే దుకాణం పైన ఒక గది కిరాయికి తీసుకున్నాడు. మిల్లు మోత లోపలికి రాకూడదని గోడలకు గోనెసంచులు మందంగా కుట్టించి వేలాడదీశాడు. మోత తగ్గింది గానీ, ఆ దుమ్ముకు పాటగాళ్లకు తుమ్ములు పట్టుకున్నాయి. చర్చి పాటలు, ఆటో ప్రచారాలు, ఏది వచ్చినా చేస్తాడు. ఏ యంత్రాన్నయినా విప్పి చూడందే నిద్రపట్టని మనిషి. విప్పినదాన్ని మళ్లీ బిగించే దగ్గరే కొంచెం తంటా.

ఈ జూన్‌లో తన పాట ఎలా వచ్చిందో వినడానికి మాడుగులపల్లి నుంచి యాదమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. ముప్పై ఐదేళ్లు నాటు కూలీల వరుసకు ముందు నిలబడి పాట ఎత్తుకున్నది ఆమే. ఆమె పాటకే ఇరవై చేతులు ఒక్కసారి బురదలో మునిగేవి. మొన్న చలికాలంలో మెడకు ఆపరేషన్ అయ్యాక గొంతు పోయి, గుసగుస లాంటి బొంగురు మిగిలింది. నయమేమిటంటే, నిరుడు ఆ ఊరి బడి టీచరు గీత పొలం గట్టున నిలబడి చిన్న రికార్డరులో ఆమె పాట పట్టి ఉంచింది. ఈ వానాకాలం ఆ పాటను స్పీకరులో పెట్టుకుని నాటు వేద్దామని ఆడవాళ్లంతా అనుకున్నారు. ముందు నిలబడేది మాత్రం యాదమ్మే. పాటను శుభ్రం చేసి, కింద డప్పు కలపమని గీత కృపాకర్‌కు పంపింది.

ఆయన మనసు పెట్టి చేశాడు. గాలి రొద తీసేసి, కొంగల అరుపులు ఉంచాడు. పాట వినిపించి, మెచ్చుకుంటుందని యాదమ్మ మొహంలోకి చూశాడు.

"ఈమె ఎవరో గని మంచిగనే పాడుతున్నది. నేనైతే కాదు కొడుకా," అన్నది యాదమ్మ.

కృపాకర్ తన జవాబు అందుకున్నాడు. ఆమె సాంతం విన్నది. తన గొంతు తాను బయటినుంచి ఎన్నడూ వినలేదు కాబట్టి దాని సంగతి తెలియదని ఒప్పుకుంది. పేచీ చేతి దగ్గర ఉందన్నది. మళ్లీ పెట్టమని చెప్పి, కుర్చీ దిగి గచ్చు మీద నడుం వంచింది. ఎడమచేతిలో నారు కట్ట ఉన్నట్టే పట్టుకుని, కుడిచేత్తో ఒక్కో కుదురు గచ్చులో గుచ్చుతూ వెనక్కి జరిగింది.

"సూడు. నా పాటకు ఒక్కో చరణానికి పన్నెండు కుదుళ్లు. ముప్పై ఐదేండ్ల సంది గంతే. నీ దాంట్ల పదమూడు పడుతున్నయ్."

వయసు మీదపడి చెయ్యి లెక్క తప్పిందేమో పెద్దమ్మా, అని కృపాకర్ నవ్వాడు. ఆమె కోపగించుకోలేదు. ఇంకో చరణం నాటింది. పదమూడు. ఆ తర్వాతిదీ పదమూడే.

"నా ఎనక ఇరవై మంది ఉంటరు. గిది పెడితే వరుస ఇరుగుతది. కుదరకుంటే తీసెయ్. నాది కాని పాట నా పేరు మీద వద్దు."

గీత పట్టిన ఈ ఒక్కటీ కాదంటే యాదమ్మ గొంతులో పాట లోకంలో ఇంకెక్కడా లేదని ఇద్దరికీ తెలుసు. కృపాకర్ నవ్వు ఆగిపోయింది. దాని వెనకే కుతూహలం లేచింది. మనిషి తప్పితే ఒకసారి పదకొండు, ఒకసారి పద్నాలుగు పడాలి. ప్రతిసారీ పదమూడేమిటి? పదమూడును పన్నెండుతో భాగించి చూశాడు. నూటికి ఎనిమిది పాళ్ల పైచిలుకు ఎక్కువ. గీత పంపిన ఫైలు వివరాలు తెరిచాడు.

కంప్యూటరు శబ్దాన్ని ముక్కలుగా కోసి దాచుకుంటుంది. గీత రికార్డరు సెకనుకు నలభై ఎనిమిది వేల ముక్కలు కోసింది. కృపాకర్ సాఫ్ట్‌వేరు సెకనుకు నలభై నాలుగు వేల వంద చొప్పునే తీసి వినిపిస్తోంది. ముక్క ఒక్కటీ పోలేదు, అన్నీ అయ్యేసరికి ఎక్కువ సేపు పడుతోంది, అంతే. దాంతో పాట సాగి, గొంతు బరువెక్కింది. ఒక అంకెతో ఇంకో అంకెను భాగిస్తే పన్నెండు కుదుళ్ల చోట పదమూడు పడాల్సిందే.

ఇలాంటి ఫైలు రాగానే, మార్చమంటారా అని సాఫ్ట్‌వేరు అడగాలి. ఇది ఎందుకు అడగలేదు? సెట్టింగులన్నీ గాలిస్తే దొంగ దొరికాడు. పాత కంప్యూటరు రోజుల్లో మార్చడానికి పావుగంట పడుతోందని విసుక్కుని, 'ఇక అడగొద్దు' అన్న గడిలో తానే టిక్కు పెట్టాడు. కొత్త కంప్యూటరులోకి ఆ సెట్టింగులే మోసుకొచ్చాడు. తొమ్మిదేళ్లుగా అది నోరు మూసుకుని ఉంది. వీడియోల్లోని శబ్దమూ నలభై ఎనిమిది వేల ముక్కలదే. కోదాడ పాస్టరు సాంసన్, వీడియోలోంచి తీసిన తన ప్రసంగం విని, జలుబు చేసినవాడిలా ఉన్నానేంటని అడిగితే, ఆయనకూ ఆ కంఠతా జవాబే చెప్పి పంపాడు. తలుచుకుంటే కృపాకర్‌కు సిగ్గేసింది. టిక్కు తీసేశాడు.

ఫైలు మార్చి, డప్పు లేకుండా ఉత్త పాట పెట్టాడు. గొంతు సన్నబడి, పైకి లేచింది. యాదమ్మ మళ్లీ వంగింది. పది, పదకొండు, పన్నెండు. చరణం ముగిసింది. ఆమె చెయ్యి గచ్చు మీదే ఉండిపోయింది. "నేనే," అన్నది.

జులైలో స్పీకరు తానే పట్టుకుని కృపాకర్ మాడుగులపల్లి వెళ్లాడు. వెళ్లాల్సిన పని లేదు, చూడకుండా ఉండలేకపోయాడు. స్పీకరును మోటారు షెడ్డులో పెట్టి, గట్టు మీద కూర్చుని కుదుళ్లు లెక్కపెట్టాడు. పన్నెండు. మళ్లీ పన్నెండు. ముందు నిలబడ్డ యాదమ్మ పెదాలు పాటతో పాటు కదులుతున్నాయి.

రోడ్డు మీద పోతున్న మట్టయ్య అనే ముసలి రైతు బండి ఆపి చెవి ఒగ్గాడు. షెడ్డులోని స్పీకరు అతనికి కనబడదు.

"యాదమ్మకు గొంతొచ్చిందా?" అని అక్కణ్నుంచే కేకేశాడు.

అన్నింటికీ జవాబు కంఠతా ఉండే కృపాకర్ ఈసారి యాదమ్మ వైపు చూశాడు. యాదమ్మే, నడుం ఎత్తకుండా, అవునని తల ఊపి పన్నెండో కుదురు గుచ్చింది.