శేషయ్య సార్ పక్కన పెట్టిన పెడల్

ఈ మధ్యాహ్నం గిటారుకు కేబుల్ తగిలించబోతూ పొరపాటున దాని కొనను వేలితో తాకాను. స్పీకర్లలోంచి 'బుమ్మ్' మని లోతైన రొద వచ్చి గదంతా నిండిపోయింది. మైకులో గాలి చప్పుడు పడకూడదని ఫ్యాన్ ఆపేసి ఉంది. ప్రొద్దుటూరు ఎండ కిటికీ రెక్కల్ని కూడా వేడెక్కించింది. ఆ రొద, ఆ ఉక్క, మెడ మీద జారే చెమట మూడూ కలిసేసరికి నాకు శేషయ్య సార్ గుర్తొచ్చారు. పాటలు రికార్డు చేసే ఈ పని నాకు నేర్పింది ఆయనే. ఆయన పేరు మా వీధి దాటి పెద్దగా ఎవరికీ తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఆయన జమ్మలమడుగులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. పొద్దున్నే ప్రొద్దుటూరులో బస్సెక్కి వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చేవారు. వయసులో ఉన్నప్పుడు పెళ్లిళ్లకు వాయించే ఆర్కెస్ట్రాలో గిటారిస్టు. ఆ పార్టీ ఎప్పుడో చెదిరిపోయినా గిటారు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇంటి మిద్దె మీద ఒక గది కట్టుకుని, సెలవు రోజుల్లో అక్కడ పాటలు రికార్డు చేసేవారు. ఆ గది గోడలకు కట్టుకోవడానికి గుడ్డ కావాలని ఒకరోజు మా నాన్న బట్టల అంగడికి వచ్చారు. నేను డిగ్రీ ముగించి, నాన్నకు తోడుగా అంగట్లో కూర్చుంటున్న రోజులవి. నాన్న పరదా గుడ్డలు పరిచి రంగులు చూపిస్తూంటే ఆయన వాటివైపు చూడనైనా చూడలేదు. "రంగు ఏదైనా పర్వాల్యాప్పా. చప్పుడు మింగల్ల, అంతే" అన్నారు. ఒక్కొక్క తానూ మొహానికి అడ్డంగా పట్టుకుని, దాని వెనక నన్ను చప్పట్లు కొట్టమన్నారు. నాన్న బిత్తరపోయి చూస్తున్నారు. నేను కొట్టాను. నాలుగో తాను దగ్గర ఆయన కంటే ముందు నేనే అన్నాను, "ఇది మింగుతాంది సార్" అని. ఆయన గుడ్డ దించి నా మొహంలోకి చూశారు. "నీకు చెవులుండాయి పాపా" అన్నారు. అప్పటికి రెండేళ్లుగా గోదాములో మూటల మధ్య కూర్చుని నేను ఒంటరిగా గిటారు నేర్చుకుంటున్న సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఆదివారమే ఆయన గదికి వెళ్లాను.

అప్పుడు నా బాధ ఒక్కటే. గిటారును లాప్‌టాప్‌కు కలిపే చిన్న పెట్టె ఒకటి కొనుక్కున్నాను కానీ, అందులోంచి వచ్చే ధ్వని నేను వినే పాటల్లోలాగా ఉండేది కాదు. పెద్ద యాంప్లిఫయరూ, దాని స్పీకరు పెట్టే, ఎదురుగా పెట్టిన మైకూ అన్నీ కంప్యూటరులోనే ఉన్నట్టు చేసి చూపే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. వాటిని యాంప్ సిమ్యులేటర్లు అంటారు. ఆరేడు సిమ్యులేటర్లను కొద్దిరోజుల వాడకానికి తెచ్చిపెట్టుకుని, ఏది మంచిదో ఎవరెవరో రాసినవన్నీ చదివి చదివి తల తిరిగిపోయింది. ఏది పెట్టినా కందిరీగలు రేగినట్టే ఉండేది. సార్ నా లాప్‌టాప్ వైపు చూడకుండా ముందు ఆ చిన్న పెట్టె ముందుకు వంగారు.

"ఈ మీట గిటారుకు పెట్టినావా, మైకుకు పెట్టినావా?"

"చూడలేదు సార్."

"ఈ ఎర్ర లైటు ఎందుకు ఎలుగుతాండాదో చూసినావా?"

"అదీ చూడలేదు."

"గిటారు చప్పుడు లోపలికి పొయ్యేటప్పుడే చిట్లిపోతాంది. పది సాఫ్ట్‌వేర్లు మార్చినా అదే చిట్లింది వినపడతాది పాపా." ఆయన మీట మార్చి, లైటు పచ్చబడేదాకా శబ్దం తగ్గించారు. సాఫ్ట్‌వేరులో స్పీకరు పెట్టె భాగాన్ని నేను తెలియక ఆపేసి ఉంచాను. దాన్ని వేయగానే కందిరీగలు పోయాయి. గిటారు మిగిలింది.

ఆ తర్వాత నన్ను గోడ వైపు తిరిగి కూర్చోమన్నారు. నేను వాయించిన ముక్కనే మూడు సాఫ్ట్‌వేర్లలోంచి ఒకదాని తర్వాత ఒకటి వినిపించారు. పేర్లు చెప్పలేదు. ఏది బాగుందంటే నేను రెండోదన్నాను. ఆయన మళ్లీ వరస మార్చి వినిపించారు. మళ్లీ అదే పట్టుకున్నాను. తిరిగి చూస్తే, అది ఆ చిన్న పెట్టెతో పాటు ఉచితంగా వచ్చింది. నా మొహం చిన్నబోయింది. అందరూ గొప్పగా చెప్పేదాన్ని నేను మూడో స్థానంలో పెట్టాను మరి. "చెవికి బిల్లు చూపియ్యద్దు" అని సార్ నవ్వారు.

ఆయన మాత్రం ఒక్క విషయంలో గోడ వైపు తిరిగేవారు కాదు. ఆర్కెస్ట్రా రోజుల్లో తన చేత్తో కట్టుకున్న పెడల్ ఒకటి ఆయన కాళ్ల దగ్గర ఉండేది. గిటారు గొంతుకు కాస్త గరుకుదనం కలిపే పెడల్. ఆకుపచ్చ రంగు వేసిన అల్యూమినియం డబ్బా, రెండు మరలు, కాలితో తొక్కే బొత్తం. ఏ పాటకైనా గిటారు దాని గుండా పోవలసిందే. "ఇది లేకపోతే వాయించేది నేను కాదు" అనేవారు. నేను ఆ మాట నమ్మాను.

రెండేళ్ల తర్వాత పులివెందుల నుంచి రమణమ్మ అనే ఆవిడ వచ్చింది. చీనీ తోటల్లో బత్తాయి కాయలు కోసే పని ఆమెది. వాళ్లమ్మ తోట పనుల్లో కట్టి పాడుకున్న పాట ఒకటి ఆమెకు ఒక్కదానికే పూర్తిగా వచ్చు. అమ్మ పోయింది. తోబుట్టువులకు పాట సగం సగమే గుర్తుంది. "నేను కూడా పోతే ఇంగ పాట ల్యా సార్. అందుకే వచ్చినా" అంది. ఒక పూట పనిమాని, బస్సులు మారి వచ్చిన మనిషి, నీళ్లు తాగి వెంటనే పాడింది. సన్నని గొంతు. సార్ గిటారు వాయించారు. గొంతునూ గిటారునూ కలిపి పాటగా కూర్చే పని కూడా ఆయనే చేశారు.

పూర్తయినది విన్నప్పుడు నా పళ్లు జివ్వుమన్నాయి. గిటారు గీసుకుపోతోంది. రమణమ్మ గొంతులో ప్రతి 'స'కారమూ ఈల వేస్తోంది. సార్ తలూపుతూ "ఎట్లుండాది?" అన్నారు. "బాగుంది సార్" అన్నాను. ఆయన చెవిని తప్పు పట్టేంతదాన్నా అనుకున్నాను. పాట రమణమ్మ ఫోనుకు వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే రమణమ్మ మళ్లీ వచ్చింది. గడప దగ్గరే నిలబడింది. "ఏమనుకోవద్దు సార్. రేకు మీద గోరుతో గీకినట్టుండాది. మా తమ్ముడు సగం ఇని ఆపేసినాడు" అంది.

సార్ మొహం ఎర్రబడింది. "ఫోన్లో ఇని చెప్తాండావా? ఫోన్లో అట్లనే ఉంటాది!" అన్నారు. ఆమె గడప దగ్గర్నుంచి కదల్లేదు. సార్ నా వైపు తిరిగారు.

"నీకూ అట్లనే వినపడిందా?"

"వినపడింది సార్."

"ఆ పొద్దే?"

"ఆ పొద్దే."

"ఎందుకు చెప్పల్యా?"

ఆయన కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కంప్యూటరులోంచి ఒంటి స్వరం ఒకటి మోగించి, దాన్ని మెల్లమెల్లగా పైకి తీసుకుపోసాగారు. "మీకు వినపడేది ఆగిపోతానే చెయ్యెత్తండి" అన్నారు మా ఇద్దరితో. స్వరం సన్నబడుతూ పోయింది. నేనూ రమణమ్మా చేతులు ఒళ్లో పెట్టుకుని వింటూనే ఉన్నాం. సార్ కుడిచెయ్యి ఎప్పుడో లేచింది. దించకుండా మా వంక చూస్తున్నారు.

"ఇంగా వినపడతాందా?"

"వినపడతాంది సార్."

"ఇప్పుడు?"

"ఊ."

ఇరవై ఏళ్లు ఆర్కెస్ట్రాలో పక్కనే పెద్ద స్పీకర్లు పెట్టుకుని వాయించిన మనిషి. పై స్వరాలు ఆయనకు ఎప్పుడు దూరమయ్యాయో ఆయనకే తెలియలేదు. తనకు వినపడేదాకా వాటిని పెంచుకుంటూ పోయారు, అంతే. ఆయన మౌసును బల్ల మీద నా వైపు జరిపారు. "చెప్పు. ఏం చేయల్ల?"

నాకు తెలుసు ఏం చేయాలో. "గొంతులో పదును తగ్గించాలి సార్" అని ఆగాను. "ఇంకా?" అన్నారు. "ఆ పెడల్ ఈ పాటకు వద్దు సార్."

ఆయన వంగి, రెండు కేబుళ్లూ తానే లాగేసి, పెడల్‌ను తీసుకెళ్లి కిటికీ గూట్లో పెట్టి వచ్చారు. గిటారును తిన్నగా పెట్టెకు తగిలించుకున్నారు. నేను సాఫ్ట్‌వేరులో ఒక చిన్న యాంప్‌ను ఎంచి, గరుకుదనం దాదాపు లేకుండా పెట్టాను. సార్ మొదట్లో తడబడ్డారు, రెండోసారికి చెయ్యి కుదిరింది. ఆ రోజు ఆయన వాయించినంత మెత్తగా అంతకు ముందెప్పుడూ వాయించగా నేను వినలేదు. చివరికి రమణమ్మకు వినిపించాం. రెండో చరణం దగ్గర ఆమె తెలియకుండానే సన్నగా గొంతు కలిపింది. అయిపోయాక, "ఇప్పుడు నేనే పాడతాండా. ముందు పాడింది ఎవురో" అంది.

మర్నాటి నుంచి కూర్చే పని నాది. సార్ కడపలో చెవుల డాక్టరుకు చూపించుకుని మిషన్లు పెట్టించుకున్నారు. పాట వినడానికి అవి పనికిరావని తీసేసేవారు. నా పక్కన కూర్చుని, "నాకు వినపడనిదేందో చెప్పు" అనేవారు. నేను చెప్పేదాన్ని. తాళాలు మోగాక వాటి గలగల ఎంతసేపు నిలిచిందో, పాడే మనిషి ఎక్కడ ఊపిరి పీల్చిందో చెప్పేదాన్ని. ఒకసారి, "మీ వేలు తీగ మీద జారినప్పుడు చిన్న కీచు వచ్చింది సార్, తీసేయనా?" అన్నాను. ఆయన "ఉండనీ. ఆడొక మనిషుండాడని తెలుస్తాది" అన్నారు.

పోయిన ఏడాది సార్ వెళ్లిపోయారు. గుండె ఆగిందన్నారు. నేను ఇప్పటికీ ఇదే పని చేస్తున్నాను. ఏ సాఫ్ట్‌వేరు కొనాలి, ఏ పెడల్ కొనాలి అని అడగడానికి చాలామంది వస్తారు. వాటి గురించి తెలిసింది చెబుతాను. తాము చేసిన పాట వినిపించి నా మొహం వంక చూసినప్పుడు మాత్రం, 'బాగుంది' అనే మాట ఇప్పటికీ ముందు నాలుక చివరికి వచ్చేస్తుంది. పెద్దవాళ్లయితే మరీను. ఇంకోసారి వేయమని అడిగి, కళ్లు మూసుకుని చివరిదాకా వింటాను. తర్వాత విన్నది విన్నట్టు చెబుతాను. కొందరు నొచ్చుకుని మళ్లీ రారు. వాళ్లు మెట్లు దిగిపోతుంటే మనసు చివుక్కుమంటుంది. అయినా చెబుతాను.