హెండ్లీ నింపే గాలి

మా మిస్కిటో తీరంలో హెండ్లీని అందరూ 'గాలి మేష్టారు' అంటారు. లాబ్‌స్టర్లనే పెద్ద రొయ్యల్ని పట్టే పడవ మీద, వాటికోసం సముద్రంలో మునిగేవాళ్ల సిలిండర్లలో గాలి నింపడం పద్నాలుగేళ్లుగా అతని పని. పడవ మొత్తానికి చదువుకున్నవాడు తనొక్కడేనని అతని నమ్మకం. మిషన్ బడిలో అయిదో తరగతిలో నేర్చిన పాఠం ఒక్కటుంది. అది రోజూ మాకు అప్పజెప్పాల్సిందే.

"గాలిలో అయిదు వంతులకి ఒక్క వంతే ప్రాణవాయువు! తక్కిందంతా నైట్రోజను, చిటికెడు అవీ ఇవీ. ఆ ఒక్క వంతే మిమ్మల్ని బతికిస్తోంది, తెలిసిందా? దాన్ని పట్టి డబ్బాలో పెట్టేది నేను!"

ఆహా, ప్రాణవాయువుని ఈయనే కన్నట్టు! నేను వంటమనిషిని గనక నా నవ్వుకి లెక్కలేదు.

గాలి కదలని రోజుల్లో మాత్రం మనుషులు పడిపోయేవారు. పైకి తేలి, తల పట్టుకుని కక్కేవారు. కొందరు ప్రాణంతో తేలేవారే కాదు. రెండేళ్ల క్రితం నా మొగుడు అలీసియో తేలలేదు.

"సముద్రం కదలనప్పుడే లివా జలకన్య వస్తుందమ్మా. ఆవిడ కన్నేస్తే ఏం చేస్తాం?" అన్నాడు హెండ్లీ, సమాధి దగ్గర టోపీ తీసి. చదువుకున్నవాడు కదా, ఏడవడం కూడా పద్ధతిగా ఏడ్చాడు.

ఈ ఏడు నా తమ్ముడు రువెల్ మునగడానికొచ్చాడు. మూడో రోజు పొద్దున్నే సముద్రం కదలడం మానేసింది. నా పొయ్యి పొగ నా మొహం చుట్టూనే తిరుగుతోంది. విసుక్కుంటూ తలెత్తాను. వెనకవైపు ఇంజను పొగ కూడా అలాగే నిలిచిపోయింది. ఆ పొగ మధ్యలో కూర్చుని, సిలిండర్లు నింపే హెండ్లీ యంత్రం గాలి పీలుస్తోంది. నా ఒళ్లు మండిపోయింది.

"హెండ్లీ! నీ యంత్రం డీజిలు పొగ తాగుతోంది, కనబడ్డం లేదా?"

"నువ్వు నీ అరటి గంజి కలుపుకోవమ్మా. గాలి సంగతి నాకు తెలుసు. అయిదు వంతులకి..."

"ఆ వంతుల్లో డీజిలు ఎన్నో వంతు?"

పడవంతా నవ్వింది. కెప్టెన్ మాత్రం, "పొద్దెక్కుతోంది, మునగండి" అని కసిరాడు. రువెల్ సిలిండర్ అందుకోబోయాడు. నేను వెళ్లి దాని మీద కూర్చున్నాను.

"లే అక్కా, నా పరువు తీయకు."

"నీ పరువు మునిగితే మునగనీ, నిన్ను మాత్రం మునగనివ్వను. ముందు మేష్టారిని పీల్చమను. తను నింపిన గాలి తనకి చేదా?"

హెండ్లీ మీసం దువ్వుకుని, ఆ సిలిండర్ నోటిగొట్టం పెట్టుకుని, పనిముట్ల పెట్టె మీద దర్జాగా కూర్చున్నాడు. అరగంటయ్యాక, "ఏదీ, పాఠం చెప్పు" అన్నాను. గొట్టం తీసి, "అయిదు వంతులకి... ఆరు..." అని, పక్కకి తిరిగి నా గంజి కుండలో కక్కాడు.

"ఏం మేష్టారూ, జలకన్య పడవెక్కిందా?" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. రువెల్ మెల్లగా, మునగడానికి కట్టుకున్న నడుం పట్టీ విప్పేశాడు.

సాయంత్రానికి హెండ్లీ లేచాడు. పనిముట్ల పెట్టె తెరిచి, అడుగు నుంచి చుట్ట చుట్టిన గొట్టం తీశాడు. ఒక కొస యంత్రం గాలి పీల్చే చోట బిగించి, రెండో కొస పొగ చేరనంత దూరంలో, పడవ ముందు స్తంభానికి ఎత్తుగా కట్టాడు. ఆ గొట్టం యంత్రంతోపాటే వచ్చిందట.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు పెట్టలేదయ్యా?"

"కొత్తది కదా... ఎండకి పాడైపోతుందని దాచాను."

నిజమే, పద్నాలుగేళ్లయినా అది కొత్తగానే ఉంది. తన ఆఖరి రోజున అలీసియో సిలిండర్ కట్టుకున్నది ఆ పెట్టె మీద కూర్చునే.