బోర్లించిన కంచం

మా నాయనమ్మకు కుదురు లేదు. చేతులు కట్టుకుని కూర్చున్న పెద్దావిడ గురించి చదవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఆమె కూర్చుంటే కదా! బియ్యం ఏరుతూ లేచేది, వాకిలి దాకా పోయి రోడ్డు చూసేది, వచ్చి మళ్లీ అవే బియ్యం ఏరేది. కాలు కాలిన పిల్లిలా ఏందా తిరుగుడు అని తాత విసుక్కునేవాడట. "కాల్చింది నీ బొగ్గుబాయే" అని ఆమె జవాబు.

బోనకల్ వైపు మిరపచేలల్లో పెరిగిన మనిషి. పెళ్లయ్యాక తాత వెంట మణుగూరు దగ్గర బొగ్గుబాయి కాలనీకి వచ్చింది. చేనుకు పోయిన మగవాడు గట్టెక్కి చూస్తే కనిపిస్తాడు. భూమి లోపలికి దిగినవాణ్ని ఎక్కడని వెతకాలి? వచ్చిన కొత్తలో ఒకరోజు మొదటి షిఫ్టు వాళ్లంతా ఇళ్లకు చేరారు, తాత రాలేదు. ఏం చేయాలో తోచక, ఆయన కంచాన్ని బోర్లించింది, తిప్పింది, మళ్లీ బోర్లించింది. బోర్లా ఉన్నప్పుడే గడపలో కేక వినపడింది. "ఆకలైతాంది, అన్నం పెట్టు!" లోపల ఏదో మోటారు ఆగిపోతే దాని దగ్గర ఉండిపోయాడట, అంతే. "గా పూట నా పానం పోయి వచ్చింది బిడ్డా" అని నాయనమ్మ నాకు చెప్పేది.

అప్పటి నుంచి అదే మా ఇంటి ఆచారం. డ్యూటీకి పోయే మనిషి రోడ్డు మలుపు తిరిగాక, వంటింటి గూట్లో వాళ్ల కంచాన్ని బోర్లించేది. తిరిగొచ్చాక తనే వెల్లకిలా తిప్పి, కడిగి, అందులోనే అన్నం పెట్టేది. మొదట తాతకు, తర్వాత నాన్నకు, బాబాయికి. ముగ్గురివీ వేర్వేరు షిఫ్టులైన రోజుల్లో ఆమె ఎప్పుడు తినేదో ఎవరికీ తెలియదు. ఒక్క కంచం బోర్లా ఉన్నా ఆమెకు ముద్ద దిగదు. ఒకసారి బాబాయి ఆకలికి ఆగలేక తన కంచం తానే తిప్పేసుకుంటే గరిటె పట్టుకుని తరిమింది.

"వచ్చినోడు తిప్పుకుంటే ఏమున్నదిరా? ఎదురు చూసినోళ్లు తిప్పాలె!"

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది నాయనమ్మే. తాత కాలం చేశాడు, బాబాయి బదిలీ మీద వేరే ఊరు వెళ్లాడు. నాన్నకు ఊపిరితిత్తులు దెబ్బతిని అన్‌ఫిట్ అయ్యాక, వారసురాలిగా ఆ ఉద్యోగం నాకు వచ్చింది. ఓపెన్‌కాస్ట్‌లో, అంటే పైనుంచి తవ్వుకుంటూ పోయే గనిలో పని. నాయనమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది.

"ఆడపిల్లకు షిఫ్టు ఏంది? నీకు బుద్ధి ఉన్నదా?" అని నాన్న మీద పడింది. నాన్న తల వంచుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"మరి పొయ్యి ఎట్ల వెలగాలె? నువ్వు పోతవా డ్యూటీకి?" అన్నాను.

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మొదటిరోజు మలుపు దాకా వెళ్లినదాన్ని ఉండబట్టలేక వెనక్కి వచ్చి కిటికీలోంచి చూశాను. నా కంచాన్ని, అంచు సొట్టపోయిన ఆ స్టీలు కంచాన్ని, కడుపుకు ఆనించుకుని ఇల్లంతా తిరుగుతోంది. గూటి దగ్గరకు పోతుంది, పెట్టదు, మళ్లీ తిరుగుతుంది. చివరికి బోర్లించింది. నేను బస్సు కోసం పరుగెత్తాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను.

వానాకాలం క్వారీ అంచున నిలబడితే భయమేసేది. అప్పుడు ఆ కంచం గుర్తొచ్చేది. ముసలిది ఇంకా తినలేదు, జల్దీ ఇంటికి పోవాలి అనుకునేదాన్ని. అడుగు జాగ్రత్తగా వేసేదాన్ని. నా ధైర్యమంతా అదే.

పోయిన వానల్లో ఆమె మంచం పట్టింది. నా కంచాన్ని గూట్లోంచి తెప్పించి తలాపున స్టూలు మీద పెట్టుకుంది. నేను రాగానే మంచం మీంచే చెయ్యి చాచి తిప్పేది. ఒకరోజు నేను షిఫ్టు దిగి వచ్చేసరికి మా వాకిట్లో జనం. మధ్యాహ్నం ప్రాణం పోయింది. స్టూలు మీద నా కంచం బోర్లానే ఉంది.

దినాలప్పుడు ఇల్లు కడగడానికి వచ్చిన ఒక చుట్టం దాన్ని తీయబోతే, "ముట్టుకోకు!" అని అరిచాను. అందరూ బిత్తరపోయారు. ఎవరికి చెప్పను? నేను తిప్పుకోకూడదు. తిప్పాల్సిన మనిషి లేదు. మళ్లీ డ్యూటీకి పోయాను, వచ్చాను, గిన్నె మూతలో అన్నం పెట్టుకుని తిన్నాను. కానీ ఆ ఇంటి లెక్కలో నేనింకా డ్యూటీ నుంచి రాలేదు. ఇంటికి రాబుద్ధి అయ్యేది కాదు. బస్టాండులో ఊరికే నిలబడేదాన్ని. వచ్చినా, నాన్న టీవీ మీంచి కళ్లు తిప్పి "వచ్చినవా" అనేవాడు, అంతే. ఆయన జన్మంతా ఎవరో ఒకరు ఆయన కోసం చూసినవాళ్లే. ఎదురు చూడటం ఆయనకేం తెలుసు? నాకు కోపం వచ్చేది.

మొన్న కుండపోత వాన. పినపాక రోడ్డు మీద వాగు పొంగి బస్సు ఆగిపోయింది. ఫోనులో చార్జింగు లేదు. నీళ్లు తగ్గాక ఇంటికి చేరేసరికి నాన్న గేటు దగ్గర ఉన్నాడు. గొడుగు ఉంది, కాళ్లకు చెప్పుల్లేవు. గేటు నుంచి మలుపుకూ, మలుపు నుంచి గేటుకూ తిరుగుతున్నాడు. పిల్లికూతలతో ఆయాసపడుతున్నాడు.

"ఫోను ఏమైందే? ఆగమాగమైన ఇక్కడ! మనిషివేనా నువ్వు?"

నాన్న నన్ను అంత గట్టిగా తిట్టడం ఎప్పుడూ వినలేదు. కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాను. ఆయన నాకంటే ముందే నాయనమ్మ గదిలోకి వెళ్లాడు. స్టూలు దగ్గరకు పోయి రెండు చేతులతో నా కంచం తిప్పాడు. స్టూలు మీద దాని కింద దుమ్ములేని గుండ్రటి మచ్చ కనిపించింది. కంచాన్ని తీసుకెళ్లి నల్లా కింద కడిగి, చొక్కాకే తుడిచాడు.

"రా బిడ్డా, అన్నం పెడత" అన్నాడు. "నేను గూడ తినలే."