వాగు ఒడ్డున మూడు శిలాఫలకాలు

2005 వేసవి. ములకలపల్లిలో బస్సులు ఆగే చోటికి దగ్గరలోనే నాకొక రేకుల షెడ్డు ఉండేది. బయట బోర్డు మీద ‘శిలాఫలకాలు, సమాధి రాళ్లు, నంబరు ప్లేట్లు’ అని నేనే రాసుకున్నాను. మాది కృష్ణా జిల్లాకు ఆనుకున్న ఎర్రుపాలెం వైపు. ఖమ్మంలో మా మేనమామ దగ్గర గ్రానైటు మీద అక్షరాలు చెక్కడం నేర్చుకున్నాను. అక్కడ పోటీ ఎక్కువని అడవి అంచుకొచ్చి కొట్టు పెట్టాను. వచ్చిన కొత్తలో నా ‘అండీ’లు విని జనం నవ్వేవారు. పదేళ్లయినా నవ్వడం మానలేదు, నేను అనడమూ మానలేదు.

మా పనిలో రాయి కంటే కాగితం ముఖ్యం. ఆఫీసు నుంచి సంతకంతో వచ్చే ఆ కాగితాన్ని ‘మ్యాటర్’ అంటాం. అందులో ఏముంటే అదే చెక్కాలి, సొంత తెలివి పనికిరాదు. ఎవరి పేరు పైన ఉండాలి, ఎవరి పేరు కింద ఉండాలి అనే వరుసను ‘ప్రోటోకాల్’ అంటారు. కట్టిన గోడ వంకర పోయినా ఎవరూ అడగరు గాని, ఒక పేరు ఒక్క వరుస కిందికి జారిందంటే గంటలో జీపు వచ్చి షెడ్డు ముందు ఆగుతుంది. అందుకే ప్రతి మ్యాటర్‌నూ ఇనుప పెట్టెలో దాచుకునేవాణ్ని.

నాకు పెద్ద గిరాకీ మా ప్రెసిడెంటు గారు. ఒకప్పుడు ఏదో సంఘానికి ప్రెసిడెంటుగా చేశారు. ఆ పదవి పోయినా పిలుపు మిగిలింది. మనిషి మంచి మాటకారి, ఎదుటివాడి భుజం మీద చెయ్యి వేయకుండా మాట్లాడేవారు కాదు. ఒక పార్టీలో కుదురుగా ఉండటం మాత్రం ఆయన వల్ల కాలేదు. 2001 నుంచి నాలుగేళ్లలో మూడు కండువాలు మార్చారు. శిలాఫలకం మీద పార్టీ పేరు చెక్కరు గాని, పైన ఉన్న పెద్దల పేర్లు చూస్తే ఆ రోజు ఆయన ఎటువైపు ఉన్నారో తెలిసిపోయేది. ఆయన పేరుకు నేను రేకు మీద అచ్చు కోసి పెట్టుకున్నాను. పై పేర్లు మారినా కింద పేరు మారదు కదా, ప్రతిసారీ కొలతలు వేసుకునే శ్రమ తప్పేది. దాచడమెందుకు, ఆయన పార్టీ మారిన ప్రతిసారీ మా ఇంట్లో కోడికూర వండుకునేవాళ్లం.

మండలంలో లోపలికి పోతే ఒక వాగు, దాని అవతల కోయ గూడెం. వానాకాలం వాగు పొంగితే ఆ గూడానికి ప్రపంచంతో సంబంధం తెగిపోయేది. అక్కడ కల్వర్టు, అంటే పైపుల మీద కట్టే చిన్న వంతెన, కడతామని 2001లో మొదటి శంకుస్థాపన జరిగింది. రెండు గుంతలు తవ్వారు, బిల్లు లేచింది, గుంతల్లో తుమ్మమొక్కలు మొలిచాయి. 2003లో పార్టీ మారి ప్రెసిడెంటు గారు రెండో రాయి వేయించారు. ఈసారి సిమెంటు పైపులు కూడా దిగాయి. వారం తిరిగేసరికి పైపులు మాయమయ్యాయి. అవి ఎవరి చేను గట్టు కిందికి చేరాయో మండలమంతటికీ తెలుసు, అది ప్రెసిడెంటు గారి బావమరిది చేను. 2005 మొదట్లో మళ్లీ కండువా మారింది, మూడో రాయి లేచింది. మూడూ నేను చెక్కినవే. ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి, నా అక్షరాలు నానాటికీ ఎంత అందంగా వస్తున్నాయో అని మురిసిపోయాను కూడా. పక్కనే వాగు మీద వంతెన లేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మూడో రాయి వేసిన నెల రోజులకు ఆ గూడెం పటేల్ ముత్తయ్య నా షెడ్డుకు వచ్చాడు. పటేల్ అంటే వాళ్ల ఊరి పెద్ద. బక్కపలచని మనిషి. తువ్వాలు దులిపి రాళ్ల దుమ్ము మీదే కూర్చున్నాడు.

“రాళ్లాయనా, ఒక మాట అడుగుత, చెప్తవా?”

“అడగండి పటేల్, దానికేముందండీ.”

“మా కాడ మనిషి సచ్చిపోతే దినం నాడు ఊరి బయట రాయి నిలబెడతం. నీకెరికే గద. మా వాగు కాడ నువ్వు మూడు నిలబెట్టినవ్. ఎవరు సచ్చిన్రు?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అందుకని నా నవ్వు సగంలో ఆగిపోయింది.

“అది శంకుస్థాపన రాయండీ పటేల్. పని మొదలుపెడుతున్నామని వేసేది.”

“మొదలువెట్టినంక మూడుసార్లు పోయింది గద. రాయి పెట్టినం, దినం చెయ్యలే. గది తప్పు. వచ్చే ఆదివారం దినం పెట్టుకున్నం. చెక్కినోడివి నువ్వే, వచ్చి ఆ రాళ్ల మీదున్నది జనానికి చదివి వినిపియ్యాలె.”

ఆయన కళ్లలో మెరుపు చూశాక గాని నాకు అర్థం కాలేదు. అమాయకంగా అడిగిన మాట కాదది. గూడెంలో చదువు వచ్చిన పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు, వాళ్లు చదవలేక కాదు. “ప్రెసిడెంటు గారిని పిలిచారా అండీ?” అని అడిగాను.

“పిల్వకుంటే ఎట్ల? దినానికి రమ్మన్న. ఎవరిదని ఆయన అడగలే, నేను చెప్పలే. దినం అంటే నాయకులు తప్పుతరా?”

అది నిజం. మా వైపు నాయకుడు పెళ్లికి ఆలస్యంగా వస్తాడేమో గాని దినానికి మాత్రం దండ పట్టుకుని ముందే వస్తాడు. పటేల్ వెళ్లిపోయాక నాకు భయం పట్టుకుంది. వెళ్లి చదివితే ప్రెసిడెంటు గారి పనులన్నీ పాల్వంచ కొట్లకు పోతాయి. ఇద్దరు పిల్లలు, షెడ్డు కిరాయి. జ్వరమని కబురు పంపుదామా అని మా ఆవిడ సరోజను సలహా అడిగాను.

“చెక్కేటప్పుడు లేని భయం చదివేటప్పుడు ఎందుకండీ?” అంది. ఆదివారం పొద్దున నా తెల్లచొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టింది.

వాగు ఒడ్డున పందిరి వేశారు. మూడు రాళ్లనూ కడిగి పసుపు పూశారు. ఒకపక్క వంటలు, ఇంకోపక్క డోళ్లు. చుట్టుపక్కల గూడేల నుంచి కూడా జనం వచ్చారు. మొహాలు చూస్తే ఒక్కరిలోనూ ఏడుపు కళ లేదు. పిల్లలైతే నోటికి చేతులడ్డం పెట్టుకుని కిసకిసలాడుతున్నారు.

పన్నెండు గంటలకు ప్రెసిడెంటు గారి జీపు వచ్చింది. వెంట మండల ఇంజనీరు, అంటే ఏఈ, కూడా దిగాడు. ప్రెసిడెంటు గారు చేతిలో బంతిపూల దండతో, మొహంలో తగినంత విచారంతో గబగబా నడిచి వచ్చారు.

“ఏం పటేల్, ఎవరు పోయిన్రు? ముందే కబురు చేస్తే దవాఖానల చూపిస్తుంటి గద. ఫొటో ఏది, దండ ఏస్త.”

“ఫొటో లేదు సారు, ఎవరూ సూడలే దాన్ని. రాళ్లాయన చదువుతడు, వినున్రి.”

నేను లేచాను. మొదటి రాయి ముందు నిలబడి, పైనుంచి కిందికి ప్రతి పేరూ చదివాను. చివర్లో ‘ఈ వాగుపై కల్వర్టు నిర్మాణమునకు శంకుస్థాపన గావించిరి’ అన్నాను. డోలు ఒక్కసారి మోగింది. ముసలామె ఒకతె రాయి ముందు కూలబడి శోకాలు మొదలుపెట్టింది. “రెండు గుంతలు తవ్వించుకోని ఎటు పోతివి కొడకా.” రెండో రాయి చదివాను. పై పేర్లు మారాయి, కింద పేరు మారలేదు. డోలు మోగింది. “పైపులు తెచ్చిన్రని సంబురపడితిమి, పైపులు నడిచిపోయె కొడకా.” అప్పటికి జనం ఆపుకోలేకపోయారు. మూడో రాయి దగ్గరకు వచ్చేసరికి నా భయం ఎటు పోయిందో తెలియదు, నా గొంతు వాగు అవతలికి వినిపించింది. ఏఈ జేబురుమాలు తీసి మొహం తుడుచుకుంటున్నాడు, నవ్వు దాచుకోవడానికని అందరికీ తెలుస్తూనే ఉంది.

ప్రెసిడెంటు గారు దండతో అలాగే నిలబడి ఉన్నారు. మొహం ఎర్రబడింది. వెంట వచ్చిన మనిషి ఒకడు ఏదో అనబోతే చేత్తో ఆపి, నెమ్మదిగా చాప మీద కూర్చున్నారు.

“గీ ఏడుపులు ఎవరు నేర్పిన్రు పటేల్?” అన్నారు.

“మీరే సారు. మీరు మూడుసార్లు కొబ్బరికాయ కొట్టిన్రు. మేం ఒక్కపాలి డోలు కొట్టినం.” ముత్తయ్య ఆయన ఎదురుగా కూర్చున్నాడు. అప్పుడు గొంతు మారింది. “మీరు ఏ కండువ ఏసుకున్నా మాకేం లేదు సారు. కండువ మారితే వాగు తగ్గదు గద. నా కోడలికి ఆషాఢంల నెలలు నిండుతయి. పోయినేడు లచ్చుమక్క బిడ్డను మంచం మీద మోస్తుంటే నీళ్లు మెడల దాక వచ్చినయి. తల్లి బతికింది, కడుపుల పిల్ల బతకలే. ఇంకో రాయి నిలబెట్టే ఓపిక మాకు లేదు.”

శోకాలు పెట్టిన ముసలామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది, ఆ లచ్చుమక్క ఆమే అని నాకు అప్పుడు తెలిసింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ప్రెసిడెంటు గారు ఏఈ వైపు చూశారు. “మంజూరు ఉంది సార్. పైపులు దొరికితే నెలన్నరలో అయిపోద్ది” అన్నాడు ఏఈ, పైపులు అనే మాట దగ్గర నేల చూపులు చూస్తూ. ప్రెసిడెంటు గారు వాగు వైపు చూసి, “దొరుకుతయి తియ్” అన్నారు.

లేచేటప్పుడు ఆయన ఆ దండ ఎక్కడ పెట్టాలో తెలియక ఒక రాయికి వేయబోయారు. ముత్తయ్య ఆపాడు. “ఉంచున్రి సారు. వంతెన లేచినంక ఏద్దురు గని.” అంత జనం ముందు దండ చేత్తో పట్టుకునే జీపెక్కారు.

మర్నాటి నుంచి నా కొట్టుకు గిరాకీ రాలేదు గాని జనం వచ్చారు. పినపాక వైపు నుంచి వచ్చిన ఒకాయన, “మా ఊర్ల నీళ్ల ట్యాంకు రాళ్లు రెండున్నయి, దినం పెడితే చదవనీకి వస్తవా?” అని అడిగాడు. ఇంకో ఊరివాళ్లు బడి గది దినానికి పిలిచారు. ఈ మాటలు కొత్త పార్టీ పెద్దల దాకా పోయాయట. నాలుగో రోజున బావమరిది చేను గట్టు తవ్వి, పైపులు బయటికి తీసి, ట్రాక్టరు మీద మా కొట్టు ముందు నుంచే తీసుకెళ్లారు. ఒక పైపులో నుంచి ఎండ్రకాయ బయటికి తొంగి చూసింది. బజారంతా నవ్వింది.

జ్యేష్ఠం దాటకముందే కల్వర్టు పూర్తయింది. ప్రారంభోత్సవానికి మ్యాటర్ నా దగ్గరికే వచ్చింది. ప్రెసిడెంటు గారికి నా మీద కోపం లేకపోలేదు గాని, ఆయన పేరు అచ్చు నా దగ్గరే ఉంది మరి. పలక మీద గీతలు గీస్తుండగా ముత్తయ్య వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

“వద్దు రాళ్లాయనా. గిది బతికే ఉంది. బతికున్నదానికి రాయి పెట్టం.”

ప్రెసిడెంటు గారికీ అదే చెప్పాడట. “రాయి లేకుంట ఓపెనింగ్ ఏంది?” అని ఆయన చాలాసేపు వాదించి, చివరికి కొత్త దండ తెచ్చి కల్వర్టు గోడకు వేసి ఫొటో దిగారు. పాత మూడు రాళ్లను గూడెంవాళ్లు పీకి బట్టలుతుక్కోవడానికి ఒడ్డున పరిచారు, అక్షరాలు పైకి పెట్టి. చెక్కిన అక్షరాల గరుకుకు మురికి బాగా వదులుతుందట. ఈ ముప్ఫై ఏళ్లలో నా పనితనానికి అంతకంటే మంచి మెప్పు దొరకలేదు.

నాకు రాయి మీద పేర్లు చెక్కడం తెలుసు గాని, ఆ పేర్ల కింద ఒక ఊరు ఎదురుచూస్తూ ఉంటుందని ఆ వేసవిలోనే తెలిసింది. చెక్కినవాడికి కూడా రాయి మీది మాటకు కొంత పూచీ ఉంటుంది. అప్పటి నుంచి శంకుస్థాపన మ్యాటర్ తెచ్చినవాళ్లను, పని ఏ నెలలో మొదలవుతుందండీ అని ఒక్క మాట అడుగుతాను. కొందరు విసుక్కుంటారు, కొందరు వేరే కొట్టుకు పోతారు. కోడికూరలు కొంచెం తగ్గాయి.

ఆషాఢంలో రెండు రోజులు వదలకుండా వాన పడ్డాక, ఒక మధ్యాహ్నం పాల్వంచ వైపు నుంచి వచ్చిన ఆటో నా షెడ్డు ముందు ఆగింది. లోపల ముత్తయ్య, పక్కన ఆయన కోడలు, ఆమె ఒళ్లో దుప్పటి చుట్టిన పసిగుడ్డు. నొప్పులు మొదలవగానే ఆటోలో వాగు దాటి దవాఖానకు పోయారట, ఇప్పుడు అదే వంతెన మీదుగా ఇంటికి పోతున్నారు. నేను వానలోనే బయటికి వెళ్లి పాపను చూశాను. ముత్తయ్య మెడ చాచి నా షెడ్డులోకి చూశాడు.

“ఏం చెక్కుతున్నవ్ రాళ్లాయనా?”

“పక్క ఊళ్లో కొత్త రోడ్డుకండీ పటేల్. శంకుస్థాపన రాయి.”

ఆయన నాలుక చప్పరించి, ఆటోవాడిని పొమ్మంటూ నా వైపు జాలిగా చూశాడు.

“అయ్యో, నిన్నటి దాక మంచిగనే ఉండె గద” అన్నాడు.