పాయింట్ల మీద ఫస్ట్ ఏసీ

గుడివాడలో తెలిసినవాళ్ళింట్లో ఫ్రిజ్ చెడిపోతే అందరికంటే ముందు సంతోషించేది సాంబశివరావు. చెడిపోతే కొత్తది కొంటారు. కొంటే బిల్లు కట్టాలి. ఆ బిల్లు తన క్రెడిట్ కార్డు మీద గీకించి, వాళ్ళ దగ్గర నగదు పుచ్చుకుంటాడు. ఇందులో ఆయనకి రూపాయి మిగలదు. మిగిలేవి పాయింట్లు.

ముదినేపల్లి రోడ్డులో ఆయనకి చేపల మేత దుకాణం ఉంది. మేత కంపెనీ వాళ్ళు కార్డు తీసుకోరు కాబట్టి ఊరివాళ్ళ బిల్లుల మీద పడ్డాడు. అవనిగడ్డలో వేలు విడిచిన చుట్టం ఇల్లు కడుతున్నాడని తెలిసి, టైల్స్ బిల్లు కోసం బస్సెక్కి వెళ్ళొచ్చాడు. వరసకి బావమరిది అయ్యే ఒకాయన పోతే పరామర్శకి వెళ్ళి, ఓ మూల కూర్చుని, విజయవాడ ఆస్పత్రి బిల్లు కట్టేశారా అని వాకబు చేశాడు. కట్టేశాం అన్నారు. అప్పుడు కాసేపు నిజంగానే బాధపడ్డాడు.

ఆయన్ని చూసి నవ్వేవాళ్ళే ఆయన్ని పిలిచేవాళ్ళు కూడా.

"బావా, అమ్మాయికి స్కూటీ తీస్తున్నాం. షోరూముకి వచ్చేస్తావా?"

వచ్చేస్తాడు. మేత కోసం రైతు ఎదురుచూస్తున్నా షట్టరు సగం దించి వచ్చేస్తాడు.

ఈ పాయింట్లన్నీ దేనికంటే, రైల్లో ఫస్ట్ ఏసీ రూము కోసం. ఆ కార్డు పాయింట్లతో రైలు టిక్కెట్లు తీసుకోవచ్చు. ఏ క్లాసైనా తీసుకోవచ్చు. కానీ ఎప్పుడో విజయవాడ ప్లాట్‌ఫారం మీద నడుస్తుంటే, ఆగి ఉన్న రైలు కిటికీలోంచి ఆయనకి ఒక రూము కనిపించింది. రెండే బెర్తులు, ఒక అద్దం, లోపల గడియ ఉన్న తలుపు. దాన్ని కూపే అంటారని తరవాత తెలుసుకున్నాడు. ఆ రోజు నుంచి పాయింట్లంటే అదే. దేశంలో ఇంకేం చూడాలని ఆయన అనుకోలేదు. గుడికైనా, పెళ్ళికైనా, ఆ రూములో వెళ్ళాలి, అంతే.

ఈ లోపల భార్య మంగతాయారుకి వెన్నుపూస ఆపరేషను అయింది. ఆ తరవాత కూడా ఆవిడ స్లీపరు క్లాసులో మధ్య బెర్తు ఎక్కింది, దిగింది.

"ఆ పాయింట్లతో త్రీ టైర్ ఏసీ వస్తుంది కదండీ, కింద బెర్తు చూసి తీయొచ్చు కదా" అని ఒకసారి అడిగింది.

"ఇలా చిల్లర వాటికి వాడుకుంటూ పోతే పాయింట్లెందుకు?" అన్నాడాయన. ఆవిడ నడుం ఆయన లెక్కలో చిల్లర కింద పడింది.

మంగతాయారు తమ్ముడు పూర్ణచంద్రరావు హౌరాలో చేపల కమీషన్ ఏజెంటు. మన చెరువుల చేప లారీల్లో అక్కడికే వెళ్తుంది. ఆయన కూతురు అక్షితకి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళ సంబంధం కుదిరింది. పెళ్ళి హౌరాలోనే. అక్షిత చిన్నప్పుడు తల్లికి జబ్బు చేస్తే, అయిదో తరగతి దాకా గుడివాడలో మేనత్త దగ్గరే పెరిగింది. ఆ పిల్లకి తల దువ్వింది, అన్నం పెట్టింది, జ్వరం వస్తే మేలుకుంది మంగతాయారు. పెళ్ళికూతుర్ని చేసే రోజు మొదటి నలుగు మేనత్త పెట్టాలి. ఆవిడకి ఆ పెళ్ళిలో కావలసింది అదొక్కటే. చీర కూడా అడగలేదు.

పూర్ణచంద్రరావు ఫోన్ చేశాడు. "బావగారూ, అక్క నడుం బాగాలేదు కదా, మీ ఇద్దరికీ విమానం టిక్కెట్లు నేను తీస్తాను."

"విమానంలో ఏముందోయ్, కూర్చోవాలి. ఫస్ట్ ఏసీలో రూము తీస్తున్నాను. తలుపేసుకుని పడుకుని వస్తుంది మీ అక్క, మహారాణిలాగా."

"అప్పటికి దొరుకుతుందంటారా?"

"పాయింట్లున్నాయోయ్ నా దగ్గర."

పాయింట్లు లేవు. దాదాపు ఉన్నాయి. రిజర్వేషను తెరిచిన రోజున చూసుకుంటే కొంచెం తక్కువపడ్డాయి. ముదినేపల్లిలో చెరువులు లీజుకి చేసే దుర్గాశ్రీనివాస్ కొత్త ఏరియేటర్లు కొంటానన్నాడు. నీళ్ళలో గాలి తిప్పే ఆ మిషన్ల బిల్లు పెద్దదే. అది కార్డు మీద పడితే చాలు. కానీ దుర్గాశ్రీనివాస్ రేపు మాపు అన్నాడు.

"చేప రేటు చూశారా అండీ? ఈ పంటకి పాతవే తిప్పుతా."

"పాతవి ఆగిపోతే చేప తేలిపోతుందయ్యా. నా మాట విను."

"మీరింత ప్రేమగా చెప్తుంటే నాకు భయమేస్తుందండీ" అన్నాడు దుర్గాశ్రీనివాస్.

ఇంట్లో మంగతాయారు అడిగింది. "తక్కువైందేదో డబ్బిచ్చి కొనకూడదా?"

"డబ్బిచ్చి ఎవడైనా కొంటాడు" అన్నాడు సాంబశివరావు.

దుర్గాశ్రీనివాస్ చివరికి మిషన్లు కొన్నాడు. కార్డు గీకారు. పాయింట్లు వచ్చి చేరేసరికి ఆ రైల్లో ఫస్ట్ ఏసీ నిండిపోయింది. బోగీకి ఉండేదే పాతిక లోపు బెర్తులు. సాంబశివరావు అయినా తీశాడు, వెయిటింగ్ లిస్టులో. టిక్కెట్టులో మొదటి పేరు తనది, రెండో పేరు భార్యది. ఊళ్ళో అడిగినవాళ్ళకి రూము దొరికిందనే చెప్పాడు. వెయిటింగ్ కదా అని బ్యాంకులో పనిచేసే కుర్రవాడెవరో గుర్తుచేస్తే, "ఫస్ట్ ఏసీలో వెయిటింగ్ అని మర్యాదకి రాస్తారయ్యా" అని కొట్టిపారేశాడు.

ప్రయాణం ముందురోజుకి కూడా ఆ మర్యాద అలాగే ఉంది. అప్పుడు కోటా లెటరు గుర్తొచ్చింది. పదవిలో ఉన్నవాళ్ళ ఆఫీసు నుంచి ఉత్తరం వెళ్తే, రైల్వే వాళ్ళు పక్కన పెట్టుకున్న అత్యవసరం కోటాలోంచి బెర్తు ఇస్తారు. మన వైపు పెద్దమనుషులు దాన్ని హక్కుగా భావిస్తారు. పొద్దున్నే బస్సెక్కి బందరు వెళ్ళాడు. అక్కడ ఒక ప్రజాప్రతినిధి ఆఫీసులో ఈ ఉత్తరాలు చూసే శామ్యూల్ రాజ్ తెలిసినవాడే. బల్ల ముందు క్యాన్సరు ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు, పరీక్షలకి వెళ్ళేవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్య సాంబశివరావు కూపే కోసం కూర్చున్నాడు.

"కారణం ఏం రాయమంటారండీ?" అన్నాడు శామ్యూల్ రాజ్.

"పెళ్ళండి."

"మీ అమ్మాయిదా?"

"మా ఆవిడ మేనకోడలిది."

"అంటే ముఖ్యంగా వెళ్ళాల్సింది మేడంగారు. టిక్కెట్టులో ఆవిడ పేరు రెండోది ఉందేంటండీ? ఒక్క బెర్తే వస్తే మొదటి పేరుకే పడుతుంది."

"పాయింట్లు నావి కదండీ. నాకొస్తే ఆవిడకొచ్చినట్టే."

శామ్యూల్ రాజ్ తలెత్తి ఆయన్ని ఒకసారి చూసి, రాయడం మొదలుపెట్టాడు.

"కూపేనే కావాలని కూడా రాయండి" అన్నాడు సాంబశివరావు.

"కూపేనో, నాలుగు బెర్తుల క్యాబినో, చార్టు వేసేటప్పుడు వాళ్ళ ఇష్టమండీ. ముందు ఎక్కనివ్వండి సార్."

అదే సమయంలో మంగతాయారు ఆధార్ కార్డు, ఫోను పట్టుకుని గుడివాడ స్టేషన్ కౌంటరు ముందు లైన్లో నిలబడి ఉంది. మొగుడి మీద తిరుగుబాటు ఆవిడ చేయలేదు. తత్కాల్‌లో స్లీపరు టిక్కెట్టు ఒకటి అడిగింది. ఫోనుకి వచ్చిన అంకెలు చదివి చెప్పింది. పొద్దున బయల్దేరే బండిలో సైడు లోయరు దొరికింది. డబ్బు కట్టి ఇంటికొచ్చి, బ్యాగు సర్దుకుంది.

సాయంత్రం సాంబశివరావు వచ్చేసరికి టిక్కెట్టు టీవీ పక్కన ఉంది.

"ఏంటిది?"

"టిక్కెట్టండీ. రేపు పొద్దున బండికి."

"ఒక్కదానికా?"

"మీకు రూముందిగా."

"రూము ఇద్దరికీ తాయారూ. లెటరు రాయించుకుని వస్తున్నాను, నువ్విదేంటి మధ్యలో? చార్టులో వచ్చేస్తుంది."

"రాకపోతే?"

"రాకపోవడం ఉండదు."

"వచ్చినా, మీ బండి హౌరా చేరేసరికి తొమ్మిదిన్నర. నలుగు పదింటికి. మధ్యలో అంత ఊరు దాటాలి."

"రైలు టైముకొస్తే సరిపోతుంది."

"అది ఎప్పుడొచ్చిందండీ టైముకి?"

"క్యాన్సిల్ చేసెయ్ ఆ టిక్కెట్టు."

"చెయ్యను" అంది మంగతాయారు, దోసెల పిండి కలుపుతూ.

ఆపరేషను అయిన మనిషి, అంత దూరం, ఒంటరిగా, స్లీపరులో వెళ్తోందన్నది ఆయన బాధ కాదు. భార్యాభర్తలిద్దరూ ఉంటే కూపే ఇచ్చే అవకాశం ఎక్కువ. ఒంటి మనిషికి ఇవ్వరు. అది ఆయన బాధ. తనది రద్దు చేసుకుని ఆవిడతో ఎలాగోలా వెళ్ళొచ్చన్న ఆలోచన వచ్చింది కానీ, వెళ్ళిన పాయింట్లు తిరిగి జమ అవుతాయో లేదో బ్యాంకు వాళ్ళు ఫోనులో సరిగ్గా చెప్పలేదు. అంతటితో ఆ ఆలోచన ఆగిపోయింది.

మర్నాడు ఆవిడ బండెక్కింది. సైడు లోయరంటే తెలిసిందే. రెండు సీట్లు వాల్చి కలిపితే పడక. ఆ రెండూ కలిసేచోట సందు సరిగ్గా నడుం కిందకి వస్తుంది. ఆవిడ దుప్పటి నాలుగు మడతలు వేసి ఆ సందులో కూరింది. రాజమండ్రి దాటేదాకా కూర్చుని, ఆ తరవాత పక్కకి తిరిగి పడుకుంది. ఎదురు సీట్లో ఉన్న ఒకామె, "ఒక్కరే వెళ్తున్నారా అండీ, మీవారు రాలేదా?" అని అడిగింది.

"ఏసీలో వస్తున్నారండీ, వెనక బండిలో."

ఎదురు సీటామె కిటికీ వైపు తిరిగింది. అడగడానికి ఏముంది?

మధ్యాహ్నం సాంబశివరావు ఫోన్ చేశాడు. గొంతులో గెలుపు ఉంది.

"తాయారూ, చార్టు వచ్చింది. కన్ఫర్మ్."

"ఎంతమందికి?"

"ఒకటే ఇచ్చాడు. నాకు."

"సరే. పడుకుని రండి."

ఆయన వచ్చిన తీరు కూడా చెప్పుకోవాలి. ఇచ్చింది కూపే కాదు, నాలుగు బెర్తుల క్యాబిను. మిగతా మూడూ ఒక కుటుంబానివి, నాలుగేళ్ళ పిల్లాడితో సహా. ఆయనది పై బెర్తు. ఎక్కగానే అద్దం ఫొటో తీశాడు, గడియ ఫొటో తీశాడు, కింద పరిచిన తివాచీ ఫొటో తీశాడు. అన్నీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. పై బెర్తు ఫొటో పెట్టలేదు. తలుపు గడియ వేయబోతే, పిల్లాడు మాటిమాటికీ బాత్రూముకి వెళ్తాడండీ, వేయకండి అంది తల్లి. పిల్లాడు పడుకున్నాక లైటు తీసేశారు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన రూములో సాంబశివరావు చీకట్లో, సీలింగుకి జానెడు దూరంలో, ఫోను వెలుతురు దుప్పటి కింద దాచుకుని స్టేటస్ ఎవరెవరు చూశారో లెక్క చూసుకున్నాడు.

తెల్లవారేసరికి ఖరగ్‌పూర్‌కి ఇవతల పొలాల మధ్య బండి ఆగింది. సిగ్నలు లేదన్నారు. ఏసీలో ఉన్నవాళ్ళకి సిగ్నలు వేరుగా ఇవ్వరు.

హౌరాలో పూర్ణచంద్రరావు అపార్టుమెంటు మేడ మీద షామియానా వేశారు. పీట వేసి, దాని చుట్టూ ముగ్గు పెట్టి, అక్షితని కూర్చోబెట్టారు. మంగతాయారు కింద కూర్చోలేని మనిషి కాబట్టి పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేశారు. రాత్రంతా ఆ సందు మీద పడుకున్న నడుం ఆవిడకి నిటారుగా నిలవడంలేదు.

"బావగారి బండి ఇంకా ఖరగ్‌పూర్ దాటలేదట అక్కా" అన్నాడు తమ్ముడు. "ఓ గంట ఆగుదామా?"

"ఎందుకురా? నలుగు ఆయన పెడతారా?"

ఆడవాళ్ళు నవ్వారు. అక్షిత నవ్వలేదు. "నీ నడుం ఎలా ఉందత్తయ్యా?" అంది.

"నా నడుం సంగతి తరవాత. ముందు ఆ గాజులు పైకి లాక్కో, నలుగంటుతుంది."

నలుగుపిండిలో పసుపు, నువ్వులనూనె కలిపి, ముంజేతి దగ్గర మొదలుపెట్టి, మోచేతి దాకా రాసింది. తరవాత బుగ్గలకి రాసింది. చిన్నప్పుడు తలంటు పోసేటప్పుడు కళ్ళలో పడిందని ఏడ్చిన పిల్లే కాబట్టి, కళ్ళు మూసుకోమని ముందే చెప్పింది. అక్షిత కళ్ళు మూసుకుంది. మేనత్త చేయి ఆ మొహం మీద మిగతావాళ్ళు అనుకున్నదానికంటే కాస్త ఎక్కువసేపే ఉంది. ఆ తరవాత గిన్నె పక్కనామెకి అందించి, కుర్చీ చేతులు పట్టుకుని లేచి, కిందికి దిగి వెళ్ళిపోయింది.

సాంబశివరావు మధ్యాహ్నం భోజనాలవేళకి చేరాడు. చేతులు కడుక్కుని విస్తరి ముందు కూర్చోగానే, ఇటుపక్క ఖరగ్‌పూర్ వియ్యాలవారికి ఫస్ట్ ఏసీలో తలగడలు ఎలా ఉంటాయో, భోజనం ఎలా తెచ్చిపెడతారో, ఇదంతా పాయింట్ల మీద పైసా ఖర్చు లేకుండా ఎలా వస్తుందో వివరించాడు. వాళ్ళు మర్యాదస్తులు, విన్నారు.

"మరి అక్కయ్యగారు కూడా మీతోనే వచ్చారా?" అని అడిగాడు వియ్యంకుడు.

"ఆవిడకి తొందరండీ" అన్నాడు సాంబశివరావు, పప్పులో నెయ్యి వేయించుకుంటూ.

మంగతాయారు లోపల గదిలో గట్టి నేల మీద చాప వేసుకుని వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. గోళ్ళ మొదట్లో పసుపు ఇంకా ఉంది.