వెలగని పెరుగు

టెక్సస్‌లోని ప్లేనోలో ఉద్యోగం చేసే నా రూమ్మేట్‌కి పెరుగు లేకపోతే ముద్ద దిగదు. రెండువేల పది ప్రాంతంలో నేను అక్కడికి దగ్గర్లోనే పీహెచ్‌డీ చేస్తుండేదాన్ని. తిండిలో చేరి మనుషుల్ని మంచాన పడేసే సాల్మొనెల్లాని పట్టడం నా పని. అందుకు ఆప్టమర్లని, చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏ తునకలుంటాయి. కోట్ల తునకల్లోంచి ఆ ఒక్క బాక్టీరియాకే అతుక్కునేదాన్ని ఏరాలి. బియ్యంలో రాళ్లేరడం దీని ముందు సుఖం. తిండిలో ఉండే ఎంజైములు మామూలు ఆర్‌ఎన్‌ఏని ఇట్టే నమిలేస్తాయి గనక, ఫ్లోరిన్ తగిలించి నా తునకని మొండిదాన్ని చేశాను. కొసకి రంగు కట్టాను. పాలల్లో సాల్మొనెల్లా ఉంటే పట్టుకుని, కడిగినా వదలక, మైక్రోస్కోపులో ఆకుపచ్చగా వెలగాలి.

నాలుగేళ్లకి వెలిగింది. మే నెలలో డిగ్రీ అని అమ్మకి ఫోన్ చేసి బడాయిగా చెప్పేశాను కూడా.

అక్కడితో ఊరుకోవచ్చుగా! నాకు కుదురు లేదు. పాలు సరే, పెరుగు మాటేమిటని బుద్ధి పుట్టింది. ఫ్రిజ్‌లో ఉన్న గిన్నె గిన్నంతా ల్యాబ్‌కి పట్టుకెళ్లి ఒక్క చుక్క చూశాను. దీపావళిలా వెలిగింది. అందులో సాల్మొనెల్లా ఉంటే మేమిద్దరం ఎప్పుడో ఆస్పత్రిలో తేలేవాళ్లం. అంటే నా ఆప్టమర్ పెరుగులోని మంచి బాక్టీరియాకీ అతుక్కుంటోంది.

ల్యాబ్‌లో అడుగుపెట్టిన తిండి మళ్లీ ఇంటికి రాకూడదు. ఆ సాయంత్రం రూమ్మేట్ మండిపడింది.

"తోడుకు ఒక్క స్పూనన్న ఉంచలే గదనే! తోడిచ్చిన పక్కింటి ఆంటీని మళ్లా ఎవరడుగుతరు?"

పెరుగుతో పరీక్షించమని నన్నెవరూ అడగలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రెండ్రోజులు సిగ్గు లేకుండా నోరు మూసుకునే తిరిగాను. మూడోరోజు ఉండబట్టలేక ప్రొఫెసర్‌కి చెప్పేశాను. ఆయన అరవై దాటిన గుంటూరు మనిషి.

"మేలో కాదమ్మా, డిసెంబర్‌లో గ్రాడ్యుయేట్ అవుతావ్. ఆ పెరుగు ఇంకా ఉందా?" అన్నారు.

ఉంది. తునకలన్నిటినీ ముందు పెరుగు బాక్టీరియాలో కలపడం, అతుక్కున్నవి పారేయడం, మిగిలినవాటినే సాల్మొనెల్లాకి చూపించడం, మళ్లీ మొదలు. నేను బడాయిపోయిన మే నెల వచ్చి వెళ్లిపోయింది.

అక్టోబర్‌లో ఒక మధ్యాహ్నం రెండు స్లైడ్లు పెట్టాను. సాల్మొనెల్లా ఆకుపచ్చగా వెలిగింది. పెరుగు స్లైడ్ కటిక చీకటి. ఫోకస్ తప్పిందేమోనని మూడుసార్లు చూశాను. చీకటే. వెంటనే రూమ్మేట్‌కి ఫోన్ చేశాను.

"పెరుగు వెలగలేదే!"

ఆఫీసులో ఉన్నట్టుంది, గొంతు తగ్గించి అంది.

"పెరుగు ఎందుకు వెలుగుతదే?"

నాకు ఏడుపొచ్చేసింది.